వాన పడని మూల

కెయ్యోన్ రేవులో వాన ఆగిందని ఎవరూ అనరు,
కాస్త తగ్గిందంటారు.
అలా తగ్గిన ఒక పూట
దోన్ ఎలిసేయో తన పడవ కార్బురేటర్ని
గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు,
పొగరుబోతు కోడిపుంజును పట్టుకొచ్చినట్టు
రెండు చేతులా అదిమిపట్టి.

మేస్త్రి ఎర్మెలిందా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.
"పాత పెట్రోలు, ఉప్పు, నీ బద్ధకం.
మూడూ ఉన్నాయి."

అప్పటికి నేను పనిలో చేరి తొమ్మిది రోజులు.
మూల బల్ల మీద స్టీలు తొట్టె,
చెవికందని శబ్దంతో నీళ్లను వణికించే యంత్రం,
నా కంటికి మాత్రం అదో వంటగిన్నె.
నీళ్లు పోయి, సామాను వేసి, బొత్తాం నొక్కడమేగా!
జిడ్డు తొందరగా వదులుతుందని
పెట్రోలు డబ్బా ఎత్తాను.

ఆమె అరవలేదు.
డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత బిగించింది.
"ఈ తొట్టె వేడెక్కుతుంది. ఆవిరి లేస్తుంది.
ఎక్కడో ఒక్క రవ్వ చాలు.
కనుబొమలేవని మీ అమ్మ అడిగితే
నన్నేం చెప్పమంటావు?"

డబ్బా వాకిలి బయటికి పోయింది.
తొట్టెలోకి గోరువెచ్చని నీళ్లొచ్చాయి,
అల్యూమినియాన్ని కొరకని సబ్బు, మూతతో కొలిచి.
రబ్బరు రింగులు, తేలే బెండు ఒక సాసర్లో విడిగా,
ఇత్తడి జెట్లు ఒక జాలిసంచిలో,
ఉక్కు మరలు ఇంకోదాంట్లో.
"అన్నీ ఒకే కుండలో ఉడకవు," అంది.

సామాను వెయ్యకముందే యంత్రం తిప్పింది కాసేపు,
నీళ్లు తమలో దాచుకున్న గాలిని వదలాలట.
తర్వాత రేకు ముక్క ముంచమంది నన్ను,
వంటింట్లో రొట్టె చుట్టే రేకు.
నిమిషం తర్వాత తీస్తే
ఒళ్లంతా సూదిబెజ్జాలు.
ఆ నీళ్లలో వేలు పెట్టి చూడాలన్న సరదా
నాకు అక్కడే చచ్చిపోయింది.

బుట్టను అడుగు తగలకుండా వేలాడదీశాం.
"ఇరవై నిమిషాలు పెట్టనా?"
ఆమె సొరుగు లాగి ఒక గిన్నె చూపింది,
బూడిదరంగు తిరిగిన కార్బురేటర్ గిన్నె.
"దీని మీద పసుపు చుక్క ఉండేది,
మునిగిపోయిన పడవ రంగు.
కబుర్లలో పడి గంటసేపు వదిలేశాను.
చుక్కా పోయింది, మెరుపూ పోయింది.
అతను డబ్బు వెనక్కి అడగలేదు,
సామానూ తీసుకెళ్లలేదు.
ఏది మురికో యంత్రానికి తెలియదు, అబ్బాయ్."

సొరుగు మూసి ఎలిసేయో వైపు తిరిగింది.
"దీని మీద పోకూడనిదేమైనా ఉందా?"

అతను తల గోక్కున్నాడు.
అడుగున మూడు గీతలు చూపించాడు,
తమ్ముడు మేకుతో గీసిన గుర్తట.
ఆమె గోటితో తడిమింది.
"గీతలు ఎక్కడికీ పోవు. రంగైతే పోతుంది."
"రంగు ఎప్పుడో సముద్రం తినేసిందిలే."

ఎనిమిది నిమిషాలు.
మూత వేసినా పక్కింట్లో చేపలు వేగుతున్న చప్పుడు.
తీసి చూస్తే సన్నటి బెజ్జాల్లోంచి
గోధుమరంగు పొగలాగా
పోయినేటి చలికాలం బయటికొస్తోంది.

మంచినీళ్లలో కడిగి, కళ్లద్దాలు పెట్టుకుని,
ప్రతి దారిలోకీ గాలి కొట్టాను.
ఉక్కు మరలకు వెంటనే నూనె,
ఇక్కడి గాలి తడి గుడ్డలాంటిది,
తల తిప్పితే తుప్పు.
ప్లగ్ పీకాకే తొట్టె వంచాం.
నల్లనీళ్లు పీపాలోకే, రేవులోకి కాదు,
ఆ రేవులోంచే కదా మన కూర.

ఎర్మెలిందా జెట్‌ను కిటికీకి ఎత్తి
ఒంటికన్నుతో చూసి నాకిచ్చింది.
వెంట్రుకంత బెజ్జం,
అందులోంచి ఒక చిటికెడు ఆకాశం.

మోటారు మూడో లాగుకి పలికింది.
ఎలిసేయో సగం డబ్బు, ఒక పీత ఇచ్చాడు.

ఆ రేకును మేకుకు తగిలించి
తేదీ రాసింది మేస్త్రి.
చుక్కలే చుక్కలు, ఒక్క మూల తప్ప.
అక్కడ అలలు సరిగ్గా అందడం లేదట,
బుట్టను కాస్త ఇటు జరపాలట.
నేను మాత్రం వచ్చినవాళ్లకు చూపిస్తుంటాను,
కెయ్యోన్ మొత్తమ్మీద
వాన పడని చోటు అదొక్కటే.