బానెట్ మీద ఆరిన బొమ్మలు

గునుపురం బస్టాండులో నా జీపు బేరమాడి
ముందు సీట్లో కూర్చుంది సొలోమియా.
ఉక్రెయిన్ ఎక్కడని అడిగితే ఫోనులో మ్యాప్ తెరిచింది.
అక్కణ్ణుంచి వేలితో ఎంతసేపు జరిపినా
మా ఊరు రాలేదు.
ఒళ్ళో ఒక రేకు పెట్టె, పన్నెండు రంగు బిళ్ళలు.
నీలం గడిలో మాత్రం అడుగు రేకు కనబడుతోంది.

శ్రావణం. పుట్టసింగి ఘాటీలో కాగితం ఆరదు.
"వేడి" అంది, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఒకటి,
తడి బొమ్మ తీసుకెళ్ళి బానెట్ మీద పరిచింది.
ఇరవయ్యేళ్ళుగా చింతపండు బస్తాలనీ
పురిటి నొప్పులనీ మోసిన ఇంజను
ఆ పూట ఒక కొండను ఆరబెట్టింది.

ఏటి గీసిందో అని వంగి చూశాను.
కొండుంది, జీలుగు చెట్టుంది, వంశధార లేదు.
నది మర్చిపోయావమ్మా అన్నాను.
కాగితం మీద వేలు పెట్టి చూపించింది:
వెయ్యకుండా వదిలిన చోటే నది.
ఆమె పెట్టెలో తెలుపు లేదు.

సవర సుంబారు, ఎర్రమట్టి గోడ ముందు
పిండి నీళ్ళలో పుల్ల ముంచి
పోయినవాళ్ళకి ఇల్లు గీస్తున్నాడు.
గుర్రం, గొడుగు, నెమలి, ఈమధ్య ఒక మోటార్ సైకిలూ.
ఆయన తెలుపు వేస్తాడు, ఆమె తెలుపు వదులుతుంది,
మధ్యన నేను, వచ్చీరాని సవర మాటల దుబాసీని.
"ఈవిడ ఇల్లెక్కడ?" అన్నాడు సుంబారు.
ఆమె గోడలో ఖాళీగా ఉన్న మూల చూపించింది.
"బతికున్నోళ్ళకి గియ్యను" అన్నాడు.
అది మాత్రం నేను ఆమెకి చెప్పలేదు.

కార్తీకంలో వలిసె పూసింది, కొండవాలంతా పసుపు.
ఆపమంది. ఆపాను.
పెట్టె తెరవలేదు.
ఇంజను చల్లబడేదాకా
అలా చూస్తూ కూర్చుంది.
నేను ఒరియా బళ్ళో చదివినవాణ్ణే గానీ
అమ్మ ఇసకలో దిద్దించిన అక్షరాలు ఇంకా చెరగలేదు.
వలిసెలో ఒక గుడీ ఒక ఎత్వమూ తీసేస్తే
వలస.

వెళ్ళేముందు బొమ్మేదీ ఇవ్వలేదు,
అడగాలని నాకూ తోచలేదు.
నీళ్ళ డబ్బా ఒలికిన చోట
సీటు గుడ్డ మీద అరచెయ్యంత నీలం మిగిలింది.
ఇంటిది సబ్బు పెట్టి రుద్దబోతే
ఉండనీ అన్నాను.

నిన్న సెరంగోలో ఎక్కిన ముసలాయన
కూర్చోబోయి ఆగాడు.
"ఏటిది, తడా?"

ఆరిపోయింది, కూకో అన్నాను.