కన్ను లెక్క

పరవాడ ఫ్యాక్టరీలో నా పని కళ్లు లెక్కపెట్టడం.
అద్దం కింద తెల్లటి వల, అరచెయ్యంత.
అంగుళానికి ఇన్ని కళ్లని కాగితం చెబుతుంది,
ఒక్కటి తప్పినా పక్కన పడేస్తాను.
తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు.
ఆ గదిలో
నా ఊపిరి నాకే పరాయిగా వినిపిస్తుంది.

బస్తాల్లో గింజలుగా వస్తుందది,
సగ్గుబియ్యంలా, కొంచెం మసక.
కరిగించి లాగితే పోగు,
పోగుని పోగుతో మెలేస్తే వల.
పక్క షెడ్లలో దాని అన్నదమ్ములు:
పోర్టులో ఓడని కట్టే మోకు ఒకడు,
ఉక్కుతాడుకి తీసిపోడు, పైగా నీళ్లమీద తేలతాడు;
యాసిడ్ పంపులో అరగని వాషరు ఒకడు;
తొడ నరంలో దూరి గుండెదాకా నడిచే
సన్న గొట్టం ఒకడు.
ఎవడు ఏ ఇంటికి పోతాడో
లారీవాడికే తెలియాలి.

అందరూ మంచివాళ్లేనని నేననను.
మాది గోపాలపట్నం.
ఆ మే నెల తెల్లవారుజామున
తలుపు తీసిన మా తోటికోడలు
మెట్లమీదే కూలబడింది.
బతికింది.
ఇప్పటికీ కొత్త బకెట్ కొంటే
రెండ్రోజులు ఎండలో పెట్టిగాని గడప దాటనివ్వదు.
నాది గుడ్డల ఫ్యాక్టరీ అనే చెప్పానామెకి.

కేజీహెచ్‌లో మా తమ్ముడి పక్క మంచం:
గనగళ్ల ఎల్లాజీ, ఫిషింగ్ హార్బర్.
నలభై ఏళ్లు వల లాగిన గజ్జల్లోంచి
పేగు బయటికి తోసుకొచ్చింది.
"రేపు లోపల వలేస్తారంట తల్లీ," అన్నాడు,
"నాను సేపనేటి?"

నా సంచిలో ఒక ముక్క ఉంది,
కన్ను తప్పిందని నేనే తోసేసింది,
సూపర్‌వైజర్ చూడకుండా తెచ్చుకున్నది.
ఇచ్చాను.
బొటనవేలితో రుద్దాడు, ట్యూబులైటుకి ఎత్తి చూశాడు,
అడ్డంగా లాగి వదిలాడు.
"ముడి లేదే," అన్నాడు
దొంగసరుకు పట్టుకున్నట్టు.
ముడుంటే కండకి గుచ్చుకుంటుంది బాబాయ్.
"మరేటి పడతాదిందులో? నెత్తళ్లు కూడా దూరవు."

నీ వలలో నీళ్లు పోతాయి, చేప ఆగుతుంది.
ఇక్కడ ఆగేదేం లేదు.
కన్ను కన్నులోంచీ నీ కండే పెరిగి
అవతలికొస్తుంది.
కొన్ని నెలలు పోయాక
ఏది వలో ఏది నువ్వో
డాక్టరు కత్తికి కూడా తెలీదు.

చాలాసేపు మాట్లాడలేదు.
ఆ వార్డులోంచి సముద్రం కనిపించదు,
గాలి తిరిగితే ఉప్పు మాత్రం తెలుస్తుంది.
"అంటే, సిక్కిపోయేది వలే అన్నమాట."

పైన కుట్లకి ఇంకో దారం వేస్తారని చెప్పాను,
ఆర్నెల్లలో తనంతట తనే ఒంట్లో కరిగిపోతుందని.
అది నచ్చలేదాయనకి.
కరిగిపోయేదాన్ని దారమంటారేటన్నాడు.

"మరి ఈ వల ఎన్నాళ్లుంటాది?"
నువ్వున్నన్నాళ్లూ.
"కాలిస్తే?"
నూట అరవై డిగ్రీలకి కరుగుతుంది.
వేళ్లమీద ఏదో లెక్కేసుకున్నాడు.
"అయితే పరవాలేదు. నాతోనే పోద్ది."

పన్నెండో రోజు కట్టు చూపించుకోడానికొచ్చి
గేటు దగ్గర టీకొట్టులో కనిపించాడు.
నడుస్తూ గజ్జలమీద చెయ్యేసుకున్నాడు,
కొత్త కోడిపిల్లని చొక్కాకింద దాచినట్టు.
జేబులోంచి తీసి నా ముక్క నాకిచ్చాడు.

తప్పిన చోట
నీలం నైలాన్ పోగుతో ఒక కన్ను అల్లి ఉంది,
రెండు ముళ్లు, ఆవగింజల్లో సగం.
కళ్లజోడు లేకుండానే వేశాడట.

మర్నాడు అద్దం కింద పెట్టాను.
అంగుళం అంగుళం లెక్కపెట్టాను.
లెక్క సరిపోయింది.
రిజిస్టరులో పాస్ అనో ఫెయిల్ అనో రాయాలి.
ఆ గది దీపం కింద
పెన్ను పట్టుకుని కూర్చున్నాను,
పక్క బల్లమీద
ఇంకో నలభై వలలు ఎదురుచూస్తున్నాయి.