తూము పలక

ఆ రాత్రి తూము పలక లేపింది
ఈ చేతులే.
కుడిచేత్తో పలక, ఎడంచేత్తో టార్చిలైటు.
మూడో చెయ్యి అక్కడ లేదు.

ఆదివారం సాక్ష్యంలో మాత్రం
"సాతాను నన్ను శోధించాడు, పడిపోయాను" అన్నాను.
ఎక్కడ పడ్డానో, ఎవరి మీద పడ్డానో చెప్పలేదు.
మందిరమంతా "స్తోత్రం" అంది.
డోలక్ వాయించే పిల్లాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు.
ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఇసకపల్లి దారిలో, ఉప్పుగాలి తగిలే చోట
మూడెకరాల కౌలు గుంట నాది.
రొయ్యకి తెల్లమచ్చ పడింది.
గట్టు పొడుగునా చచ్చిన రొయ్య, పైన కాకులు.
మందు చల్లి, పదిరోజులు నీళ్లు కదలనీయొద్దని
మేత కొట్టాయన మరీ మరీ చెప్పాడు.
పదిరోజులకి కౌలెంతో, కరెంటెంతో
సిగరెట్టు పెట్టె మీద లెక్కేసుకున్నాను.
పదో తరగతి తప్పినా, ఆ లెక్క మటుకు తప్పలేదు.

తూము కింద కాలవ.
కాలవ కింద పెంచలమ్మ కయ్య.
కయ్యలో ఎనిమిది సెంట్ల నారుమడి,
జిలకర మసూర, పద్దెనిమిది రోజుల పసిది.
మూడోనాటికి కొసలు ఎర్రబడ్డాయి.
అయిదోనాటికి
కాలిన వెంట్రుకల రంగు.

ఆమె ఎవర్నీ తిట్టలేదు.
"సముద్రం పోటెక్కి ఉంటాది" అనుకుంది.
నేను గట్టు మీద నిలబడి
"అంతే అయ్యుంటాదక్కా" అన్నాను.

మా అమ్మ దీవెనమ్మ
కోతకి పోయొచ్చిన రాత్రి
చీర మడతల్లో చిక్కుకున్న వడ్లు ఏరి
తెల్లారి తీసకపోయి రైతు కళ్లంలో పోసొచ్చేది.
గుప్పెడు కూడా ఉండేవి కావు.
కళ్లు మూసుకుని ప్రార్థించే అమ్మ నాకంతగా గుర్తులేదు.
కొంగు దులిపే అమ్మే గుర్తుంది.

బుధవారం పొద్దున్నే పోయాను.
పాస్టరుగారిని తోడు రమ్మనలేదు.
మోకాళ్ల మీద పడలేదు,
పడితే నన్ను లేపే పని కూడా ఆమెదే అయ్యేది.
నిలబడే చెప్పాను.
"సముద్రం కాదక్కా. నేను."

పెంచలమ్మ పేడ ఎత్తడం ఆపలేదు.
తట్ట నిండాక అడిగింది.
"ఈ మాట మీ దేవుడికి చెప్పుకున్నావా?"
"చెప్పుకున్నా."
"ఏమన్నాడు?"
"క్షమించాడనే అన్నారు."
"అంటాడు లే. ఆయనకి నారుమడి లేదు గదా."

నాకు తెలిసిన వాక్యాల్లో
ఆ మాటకి జవాబు దొరకలేదు.
ఏరేటరు ఒకటి అమ్మేశాను.
కాలవకి మంచినీళ్లు వదిలినప్పుడల్లా
కయ్యకి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి
ఉప్పు కడిగాను.
నాలుక మీద మట్టి వేసుకుని చూశాను,
ఇంకో తడి కడిగాను.
విడవలూరు నుంచి నారు ఆటోలో తెచ్చాను,
అదును దాటిన నారు,
పండితే ఎంత పండుద్దో ఎవరికీ తెలీదు.
తగ్గిన పంట నా లెక్కలోదేనని
కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.
ఆమె చదవలేదు, మడిచి దూలం సందులో దోపింది.

నాట్ల రోజు గట్టు మీద
మజ్జిగ చెంబొకటి పెట్టి పోయింది.
క్షమించో, ఎండకి జాలిపడో,
అడగలేదు నేను.

మళ్లీ ఆదివారం లేచి నిలబడ్డాను.
"పోయిన నెల సాక్ష్యంలో
ఒక పేరు తప్పు చెప్పాను" అన్నాను.
"తూము తెరిచింది సాతాను కాదు. ఏసోబు."
ఎవరూ స్తోత్రం అనలేదు.
ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.
ముందు వరసలో ఎవరో దగ్గారు.

ఇప్పుడు కొత్త పిల్ల వదిలాను గుంటలో.
రాత్రిళ్లు గట్టు మీదే పడక.
పలకకి తాళమెయ్యమంటాడు మా తమ్ముడు.
వెయ్యను.
తాళమేస్తే మాట మీద నిలబడేది
తాళమే గదా.