నానిన గింజ

టపాలో నాలుక వచ్చింది.
జిప్ సంచీలో, దానిపైన ఇంకో సంచీలో,
సగం కరిగిన ఐసు దిమ్మ కింద
ఎలుగ్గొడ్డు నాలుక.
మగది. ఆరేళ్ళుంటాయట. యాక్ నది ఎగువన కొట్టారట.
చీటీ మీద పెన్సిలు రాత:
ఆర్లిన్ టోలెఫ్సన్, ట్రాయ్, మోంటానా.
'పరీక్షకి' అన్న మాట కింద రెండు గీతలు.

మాట ఆగనివాళ్ళని మావైపు
నోట్లో నువ్వుగింజ నానదంటారు.
ఇది ఆ రకం నాలుక కాదు.
ఎన్నేళ్ళుగానో దేన్నో నానబెట్టుకుని
ఊరుకుంది.

కొవ్వు గీకేసి, పైపొర ఒలిచి
కండ మాత్రం తూచుకున్నాను.
బీకరులో వేడినీళ్ళు, కాస్త ఆమ్లం, చిటికెడు పెప్సిన్,
అడుగున గిర్రున తిరిగే అయస్కాంతం.
నా ఉద్యోగం ఇంతే,
రోజుకో దొంగ కడుపు తయారుచెయ్యడం.

అరగంటయ్యాక జల్లెడ పట్టి
గరాటులో తేరుకోనిచ్చి
అడుగుబొట్టు పళ్ళెంలోకి దించి
కన్ను ఆన్చాను.

ఉన్నాయి.
గడియారం స్ప్రింగుల్లా, కాదు,
మా పిన్ని గుడ్డ మీద ఒత్తిపెట్టిన జంతికల్లా
చుట్టుకుని పడుకున్నవి
వెచ్చదనం తగిలి ఒక్కొక్కటే విప్పుకుంటున్నాయి.
తమనెవరో తిన్నారనుకున్నాయి.
ఇన్నాళ్ళకి ఒక పేగు దొరికిందనుకున్నాయి.
పాపం, అన్నాను పైకే.
పాపం అంటే ఏమిటంది పక్కబల్ల డెల్ఫీన్.
అదొక అంకె, అన్నాను.

మధ్యాహ్నం ఫోన్ చేశాను.
"ఫ్రీజర్లో మూడు వారాలుంచాం కదమ్మా" అన్నాడు ఆర్లిన్
తప్పు దిద్దే మాస్టారి గొంతుతో.
పందిలో పురుగుకి చలే చావు.
ఎలుగంటారా, చలికాలం పొడుగూ పడుకుని లేచే జంతువు,
దాన్ని చూసి దాని పురుగూ నేర్చుకుంది.
(నేను అంత అందంగా అనలేదు.
"గడ్డకట్టినా చావదు సార్" అన్నాను.)

అవతల కుర్చీ కిర్రుమంది.
"శనివారం మా తమ్ముణ్ణి తలుచుకుని భోజనాలు పెట్టాం.
లోపల ఎర్రగానే ఉంచాం.
వాడు అలాగే తినేవాడు."

నేను ఎంతమందని అడిగాను.
ఆయన పేర్లు చెప్పాడు.
లొరేటా. లొరేటా కొడుకులిద్దరూ.
పాస్టర్ గ్రిమ్‌స్టాడ్, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.
కేలబ్, తొమ్మిదేళ్ళు, ఎముక చుట్టూ చప్పరించాడు.
పద్నాలుగో పేరు దగ్గర ఆగి
"డాటీ తినలేదు! డాటీ మాంసం ముట్టదు"
అని ఆ ఒక్కదాని మేరకి ఊపిరి పీల్చుకున్నాడు.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.
ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఎలుగు మాంసమని దాచకండి,
కళ్ళకింద వాపు, జ్వరం, పిక్కల్లో పోటు,
మందుంది, తొందరగా మొదలుపెడితే మేలు.
ఇకమీద నూట అరవై డిగ్రీలు, సూది గుచ్చి చూసి మరీ.
రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

పెట్టేసేముందు అడిగాడు:
"దానికి నొప్పిగా ఉండేదంటావా? ఎలుగుకి?"

నా ఫారంలో ఆ గడి లేదు.
తెలీదన్నాను.
అదీ ఎక్కడో చచ్చిపడున్నదాన్ని తినే ఉంటుంది.
దానికెవరూ ఫోన్ చెయ్యలేదు.

తర్వాతి కబుర్లు కౌంటీ నర్సు చెప్పింది.
లొరేటా కళ్ళు వారంపాటు తెరుచుకోలేదు.
పాస్టరుగారు వేదిక మెట్లు ఎక్కలేక
కిందే నిలబడి ప్రసంగం చదివాడు.
కేలబ్‌కి రెండురోజుల జ్వరం,
మూడోరోజు సైకిలు.

సెప్టెంబరులో ఇంకో పెట్టె.
అదే పెన్సిలు, ఈసారి గీతల్లేవు.
"పొయ్యి వెలిగించలేదు.
నీ ఫోన్ వచ్చేదాకా వెలిగించం."

నీళ్ళు వేడెక్కుతున్నాయి.
అయస్కాంతం తిరగడం మొదలెట్టింది.
నాలుగు గంటల దూరంలో, ట్రాయ్‌లో,
ఒక ఇనప పెనం
బోర్లించి ఉంది.