నీళ్ళు గాలిలో ఉన్నాయి

ఫిర్యాదు కాగితంలో ఉన్నది ఇంతే:
నాలుగో అంతస్తు, కిటికీలో రాత్రంతా ఊదారంగు వెలుగు,
మెట్లమీదికి తడిమట్టి వాసన.
ఏదో పెంచుతోందావిడ.

వూచ్ నగరంలో ఫిబ్రవరి.
బూట్ల మంచు గుమ్మం దగ్గరే దులుపుకున్నాను.
తలుపు తీసింది బొగుమీవా, డెబ్బై దాటిన మనిషి.
ముక్కు మీద ఒక కళ్ళజోడు, చేతిలో ఇంకోటి.
"గంజాయి కోసమా? రా, చూపిస్తాను" అంది,
చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి పిలిచినట్టు.

గది నిండా డబ్బాలు.
బిస్కెట్లవి, మందులవి,
దోసకాయలు ఊరేసిన సీసాలు,
పగిలితే అతికించిన పాత అక్వేరియం ఒకటి.
ప్రతి మూత లోపలా చెమట.
చెమట వెనక ఆకులు:
రాగిరంగువి, పాచిరంగువి,
కొన్నిటి అంచులు
ఇస్త్రీ చూడని చొక్కా కాలర్లలా.

"అక్వేరియం మొక్కలు" అంది.
మూతెత్తి చూశాను. చేప లేదు.
కనీసం ఒక గుక్కెడు నీళ్ళు నిలిచి లేవు.
అడుగున నల్లటి మెత్తన,
అడవిలో బీచ్ చెట్ల కింద తను ఏరుకొచ్చిన ఆకుల కుళ్ళు.
"నీటి మొక్కలైతే నీళ్ళేవీ?"
పోలీసువాణ్ణి కదా, అడిగాను.
"నీళ్ళు గాలిలో ఉన్నాయి అబ్బాయ్.
అన్నట్టు, దీపం రాత్రంతా కాదు, పన్నెండు గంటలే.
అది కూడా రాసుకో."
రాసుకున్నాను.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు నూలుమిల్లులో చేసిందట.
ఎండిన గాలిలో దారం తెగుతుందని
అక్కడ గాలిని తడిపేవాళ్ళు, పగలూ రాత్రీ.
మిల్లు మూశాక ఇంటిగాలి పడలేదు,
మూడేళ్ళు దగ్గింది.
"నాకు తడిగాలి తప్ప చేతనైందేముంది?
నా షిఫ్టు ఈ డబ్బాల్లోకి మార్చుకున్నాను."

ఒక సీసా మీద చీటీ. పేరుండాల్సిన చోట
పెన్సిలుతో ప్రశ్నార్థకం.
ఏడేళ్ళ కిందట ఎవరో ఉత్తరంలో మడిచి పంపిన దుంప.
బోర్నియోదని ఒకరు, కాదని ఒకరు.
"ఆకు చూసి చెప్పలేం, ఆకు అబద్ధాలాడుతుంది.
పూస్తేగాని పేరు తెలీదు.
నీళ్ళలో మునిగున్నంతకాలం పూయదు."

స్టేషన్లో రిపోర్టు రాశాను:
ఫిర్యాదు నిరాధారం. స్వాధీనం చేసుకున్నవి, ఏమీ లేవు.
ఆ రెండో మాట నిజం కాదు.
కోటు లోపలి జేబులో
తడికాగితంలో చుట్టిన మొక్క ఒకటి వెచ్చబడుతోంది.

ఇంట్లో దాన్ని గాజుతొట్టి నీళ్ళలో ముంచాను.
నాలుగు రోజుల్లో ఆకులన్నీ
ఉడికిన పాలకూరలా జారిపోయాయి.
నేరం చేసినవాడిలా ఫోన్ చేశాను.
అవతల చాలాసేపు దగ్గు, లేదా నవ్వు.
"గాలి ఆకులు నీళ్ళలో బతుకుతాయా?
కొత్త ఉద్యోగానికి పాత యూనిఫాం ఎందుకు?
వేలుపెట్టి వేరు చూడు. తెల్లగా ఉందా?"
తెల్లగా ఉంది.
"మరింకేం? నీళ్ళ ఆకులు అదే కుట్టుకుంటుంది."

మే నెలలో ఆవిడే పిలిచింది.
మట్టిలోంచి వేలెడు గొట్టం,
పైన మెలితిరిగిన గోధుమరంగు నాలుక.
రెండు కళ్ళజోళ్ళూ ఒకదానిమీదొకటి పెట్టుకుని
మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.
నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను, ఎందుకో.

అది మామూలుది.
మార్కెట్టు వీధిలో చేపలమ్మే దుకాణంలో
అయిదు జ్లోతీలకు కట్ట కట్టి ఇచ్చేది.

బొగుమీవా లేచి, మోకాలు రుద్దుకుని,
టీకి నీళ్ళు పెట్టింది.
పెన్సిలు తీసి చీటీ మీద
ఆ చవకపేరు పొందిగ్గా రాసింది,
ప్రశ్నార్థకాన్ని మాత్రం చెరపలేదు.

సీసాకి మళ్ళీ మూత పెట్టేముందు
లోపలికొకసారి ఊపిరి వదిలింది.