తిరగబడ్డ బొమ్మ

పల్లావరం శుక్రవారం సంతలో
ఒక పక్క పావురాల బోనులు, ఇంకో పక్క మూతల్లేని మిక్సీలు.
మధ్యలో నా తార్పాలిన్.
దాని మీద, ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెట్ చీటీలు.

మా నాన్న షావుకారుపేటలో పాత పట్టుచీరల జరీ గీసి చూసేవాడు.
నాకు గీటురాయి లేదు. భూతద్దం ఉంది, గోరుంది.
ముందు నాలుగు మూలలూ చూస్తాను.
మూల మెత్తబడిందా, ఎవడో పిల్లాడు
నిక్కరు జేబులో పెట్టుకుని వేసవంతా తిరిగాడన్నమాట:
సగం పోయింది.
వెనక పెన్సిలు కూడికలుంటే మిగిలినదాంట్లో సగం.
టీ డికాషన్లో ముంచి ముసలితనం తెప్పించినవి
నాలిక్కి అంటించుకుంటే దొరికిపోతాయి.
ముద్దుచేసిన చీటీకి ధర పలకదు.

ఆయనొచ్చిన రోజు బేరాల్లేవు.
చేతిలో రబ్బరుబ్యాండు వేసిన కట్ట. అన్నీ ఒకటే బొమ్మ:
ఎం. చెంగల్వరాయుడు, ఎడమచేతి స్పిన్.
ఇరవయ్యారు చీటీలు, సూదుల్లాంటి మూలలు.
"ఎంతొస్తుందబ్బాయ్?"
"ఒక్కోటి పదిహేను."
నెత్తి మీద విమానం దిగిపోయేదాకా ఆగి
"ఇది నేనే" అన్నాడు.

ఏమనాలో తెలియక
ప్లాస్టిక్ తొడుగులో దాచిన ఇంకోటి తీసి చూపించాను.
అదే మనిషి, అదే బంతి,
ఫిల్ము తిరగేసి అచ్చేశారు, కుడిచేత్తో వేస్తున్నాడు.
"దీనికి తొమ్మిది వేలు సార్. మొదటి విడతలో కొన్నే బయటికొచ్చాయి,
తర్వాత ఎవరో చెప్పి దిద్దించారట."

"ఎవరో ఏంటి!
అంబత్తూరు కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను.
నాలుగోసారి బస్సెక్కి నేనే పోయాను.
మేనేజరు కాఫీ ఇప్పించాడు, క్షమించమన్నాడు,
తప్పు చీటీలన్నీ కట్టలు కట్టలు
నా ఎదటే బాయిలర్లో వేయించాడు.
ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టిందో."

అలవాటు కొద్దీ లెక్క వేశాను.
కట్టకి వంద.
ఎన్ని కట్టలో అడగలేదు.

ఆయన తొడుగులోంచి చీటీ బయటికి తీసి
(ఆపాల్సింది, ఆపలేదు)
ఎండకి ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు.
"కుడిచెయ్యి కూడా బాగానే తిరుగుతోందే" అన్నాడు.
తన కట్ట తను తీసుకుని
పావురాల వైపు నడిచాడు.

ఇంటికెళ్ళి అద్దం కింద పెడితే
మెరుపు మీద, ఎడమ అంచున, బొటనవేలి ముద్ర.
మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయేదే.
అలాగే తొడుగులో పెట్టాను.

పోయిన వారం కోయంబత్తూరు నుంచి వచ్చినాయన
"ఇక్కడేదో మరకుందే" అని సణిగితే
మూడొందలు తగ్గించి
ఇచ్చేశాను.