పీలిక

ఎక్కాడుతాంగల్‌లో నాలుగో అంతస్తు, రాత్రి రెండు.
బేకర్ సిటీ నుంచి డ్వేన్ అనే ఆయన పంపిన పని:
ఓరెగాన్‌ను నిలువునా కోసి
తూర్పు ముక్కను ఐడహోకి అతికించాలి.
ఇంకా కాలేదు, అవుతుందో లేదో తెలీదు.
అయితే ఎలా ఉంటుందో చూడాలని ఉందట.
పెళ్ళిచూపులకు ముందే శుభలేఖ అచ్చేయించినట్టు.

పోయిన నెల టెక్సాస్ వాళ్ళది.
వాళ్ళకు అతకడం లేదు, కోయడమే.
చుట్టూ దళసరి గీత, లోపల ఒకే రంగు,
పక్కవాళ్ళందరికీ బూడిద.
బూడిద ఎంచిన చెయ్యి నాదే.

గీత గీయడం తేలిక.
నది దొరికితే నది వెంబడి,
కొండ దొరికితే కొండ వెన్ను మీద,
ఏదీ దొరక్కపోతే నొక్కు, నొక్కు, నొక్కు.
దగ్గరికి లాగి చూస్తేనే
నీలం రేకుల పైకప్పు, దొడ్లో ట్రాక్టరు,
పిల్లల కోసం కొన్న గుండ్రటి ఈత తొట్టి.
గీత తొట్టి నడిమధ్య నుంచి పోతోంది.
చుక్కంత ఆవొకటి
రెండు రాష్ట్రాల్లో మేస్తోంది.

మా అమ్మకు చెబితే నవ్వదు.
పళ్ళిపట్టు పక్కన వాళ్ళ ఊరు.
అరవైలో, ఏప్రిల్ ఒకటిన,
చిత్తూరు జిల్లాలో పడుకున్న ఊరు
మద్రాసు రాష్ట్రంలో నిద్ర లేచింది.
ఏప్రిల్ ఫూల్ అనుకున్నారట కొందరు.
ఎనుము అదే కొట్టంలో ఈనింది.
మూడో తరగతికి మాత్రం కొత్త అయ్యవారు వచ్చాడు,
కొత్త అక్షరాలతో.
అమ్మ ఎక్కాలు తెలుగులో చెబుతుంది,
సంతకం అరవంలో పెడుతుంది.
పదమూడో ఎక్కం దగ్గర
ఏ భాషా తోడు రాదు.

మా తాత వజ్రవేలు రెడ్డి
ఊరేగింపుల్లో నడిచినవాడే.
పట్నం మాదేనని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని
ఆఖరికి ఆ పట్నంలోనే, చూలైలో,
సైకిలు కొట్టు పెట్టుకున్నాడు.
పట్నం మాదీ కాలేదు, పరాయిదీ కాలేదు.
అద్దె మాత్రం నెలనెలా కట్టాం.

నన్ను ఆఫీసులో సరదాకి గొల్టి అంటారు.
నెల్లూరు పెళ్ళిలో నోరు విప్పితే
"అరవమ్మాయి తెలుగు బాగా మాట్లాడుతోందే" అంటారు.
రెండూ మెచ్చుకోళ్ళే అనుకుంటాను,
అన్నం సహించాలి కదా.

మూడింటికి డ్వేన్ లైన్లోకొచ్చాడు.
అరుస్తాడనుకున్నా. అరవలేదు.
మా రాజధాని కారులో ఆరు గంటలు, అన్నాడు.
మా మంచు వాళ్ళకు తెలీదు,
మా నీళ్ళ లెక్క మాత్రం వాళ్ళే రాస్తారు.
యాస వేరు గానీ
ఈ గొంతు సైకిలు కొట్లో విన్నదే.
గట్టు తగాదాలో అబద్ధమాడేది ఎవడు?
ఇద్దరూ నిజమే చెబుతారు, అదే చిక్కు.

"మరి అటుపక్క మీవాళ్ళెవరైనా?"
పనిలో అడక్కూడని ప్రశ్న, అడిగేశాను.
"చెల్లెలు. పోర్ట్‌లాండ్‌లో."
సముద్రం అడుగున తీగ ఊపిరి పీల్చిన చప్పుడు.
"ఆ గీతను కాస్త పలచగా వెయ్యగలవా?"

వేశాను.

రెండు ముక్కలు అతికినప్పుడల్లా
అంచులు కలవని చోట పీలికలు మిగులుతాయి.
వెంట్రుకవాసి వెడల్పు, ఎటూ చెందని నేల.
యంత్రం ఒక్కోదానికీ ఆగి అడుగుతుంది:
ఎడమలో కలపనా, కుడిలో కలపనా, చెరిపెయ్యనా?
నాలుగు వందల పన్నెండు కలిపాను.
ఒకటి మిగిల్చాను,
నది మలుపులో, ఇల్లూ వాకిలీ లేని చోట.

తెల్లవారి పూంగుళలి పట్టుకుంది.
తెర మీద వేలు పెట్టి
"ఇదు యారోడదు?" అంది.
చూసి చెబుతానన్నాను, అరవంలోనే.

మూడు రోజులైంది.
ఇంకా చూస్తున్నాను.